అమెరికాలో బోటు ప్రమాదం జరిగితే రిపోర్టు ఎవరివ్వాలి? ఎన్ని గంటల్లో?

వేసవి మొదలైతే అమెరికాలో లేక్‌ల దగ్గర, బీచ్‌ల దగ్గర పాంటూన్ బోట్లకు, జెట్ స్కీలకు గిరాకీ పెరుగుతుంది. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు కూడా వారాంతాల్లో వీటిని అద్దెకు తీసుకుంటుంటారు. కారు గుద్దుకుంటే పోలీసులకు, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయాలని తెలుసు. మరి నీటి మీద జెట్ స్కీ గుద్దుకుంటే? అద్దెకిచ్చినవాళ్లే చూసుకుంటారని అనుకోవడం సహజం. చట్టం మాత్రం ఆ బాధ్యతను అప్పుడు బోటు నడుపుతున్న వ్యక్తి మీదే పెట్టింది. ఆ వ్యక్తి ఇవ్వలేని స్థితిలో ఉంటేనే యజమాని రిపోర్టు ఇవ్వాలి. చట్టం దృష్టిలో జెట్ స్కీ కూడా బోటే.

ఏ ప్రమాదానికి రిపోర్టు ఇవ్వాలి?

ఫెడరల్ నిబంధనల ప్రకారం నాలుగు సందర్భాల్లో తప్పనిసరి. ఎవరైనా చనిపోయినా, ప్రథమ చికిత్సకు మించి వైద్యం అవసరమైన గాయమైనా, బోటులోని వ్యక్తి కనిపించకుండా పోయినా, ఆస్తి నష్టం మొత్తం 2,000 డాలర్లు లేదా అంతకు మించినా రిపోర్టు ఇవ్వాలి. బోటు పూర్తిగా పోయినా ఇంతే.

గడువు ఎంత?

ప్రమాదం జరిగిన 24 గంటల్లోపు మరణం సంభవించినా, వైద్యం అవసరమైన గాయమైనా, మనిషి కనిపించకపోయినా 48 గంటల్లో ఇవ్వాలి. మిగతా వాటికి 10 రోజులు. ఇది ఫెడరల్ లెక్క. రిపోర్టు తీసుకునేది మాత్రం రాష్ట్రాలు. అందుకే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో మరణానికి 48 గంటలు, మిగతా ప్రమాదాలకు 30 రోజులు. ఫ్లోరిడాలో అయితే ఆలస్యం చేయకుండా, అందుబాటులో ఉన్న అతి వేగమైన మార్గంలో సమాచారం ఇవ్వాలి. అక్కడి వన్యప్రాణి సంరక్షణ కమిషన్‌కు గానీ, కౌంటీ షెరిఫ్‌కు గానీ, నగర పోలీసులకు గానీ చెప్పవచ్చు.

చెబితే మనమే ఇరుక్కుంటామా?

చాలామందిని ఆపేది ఈ భయమే. ఫ్లోరిడా చట్టం దీనికి కొంత రక్షణ ఇచ్చింది. ప్రమాదంలో ఉన్నవాళ్లు రిపోర్టు కోసం చెప్పిన విషయాలను విచారణలో వారిపై సాక్ష్యంగా వాడకూడదు. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాగే ఉంటుందని అనుకోవద్దు. చెప్పకుండా వెళ్లిపోవడం మాత్రం ఎక్కడైనా ప్రమాదకరమే. గాయపడినవాళ్లను వదిలి వెళ్లిపోతే ఫ్లోరిడాలో అది ఫెలనీ, అంటే తీవ్ర నేరం. 2025లో వచ్చిన ‘లూసీ చట్టం’ ఈ శిక్షలను ఇంకా కఠినం చేసింది. వీసా మీద ఉన్నవాళ్లకు క్రిమినల్ కేసు తెచ్చే చిక్కులు వేరే చెప్పక్కర్లేదు.

ఈ కాగితాలతో ప్రభుత్వానికి ఏం పని?

రాష్ట్రాలు పంపిన రిపోర్టులన్నీ కలిపి కోస్ట్ గార్డ్ ఏటా గణాంకాలు ప్రకటిస్తుంది. 2023లో 3,844 ప్రమాదాలు, 564 మరణాలు నమోదయ్యాయి. మరణ కారణం తెలిసిన కేసుల్లో 75 శాతం నీట మునిగినవే. అలా మునిగినవాళ్లలో, వివరాలు తెలిసినంతవరకు, 87 శాతం మంది లైఫ్ జాకెట్ వేసుకోలేదు. జాకెట్ ఎంత ముఖ్యమో ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నారంటే కారణం ఆ రిపోర్టులే. మరణం దాచినా దాగదు. ఎవరూ చనిపోని ప్రమాదమే లెక్కలోకి రాకుండా పోతుంది. తరచూ బోట్లు గుద్దుకునే మలుపు ఏదో, సరిగా నేర్పకుండా జెట్ స్కీలు అద్దెకిస్తున్నది ఎక్కడో ముందే తెలియాల్సింది అలాంటి చిన్న ప్రమాదాల నుంచే. అవి నమోదు కాకపోతే, అక్కడ ఎవరో చనిపోయాకే అధికారులు కదులుతారు.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

ముందు బోటు ఆపి, మీకు ప్రాణాపాయం లేనంతవరకు ఎదుటివారికి సాయం చేయండి. 911కు ఫోన్ చేయండి. అవతలి వారికి మీ పేరు, చిరునామా, బోటు నంబరు ఇవ్వండి. ఆ తర్వాత ఆ రాష్ట్రం గడువులోపు రిపోర్టు పంపండి. అద్దె కంపెనీకి, ఇన్సూరెన్స్‌కు చెప్పినంత మాత్రాన ఈ బాధ్యత తీరదు. బోటు తాళం తీసుకునేటప్పుడే రెండు ప్రశ్నలు అడిగి ఉంచుకోండి: ఈ రాష్ట్రంలో ప్రమాదాన్ని ఎవరికి చెప్పాలి, గడువు ఎంత?