గ్యాస్ అరిగిపోదు, కారిపోతుంది

డాబా మీదో గోడకో బిగించిన ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌కు పక్కన ఒక స్టిక్కరు ఉంటుంది. ఎండకు వెలిసిపోకపోతే అందులో మోడల్ నంబరు, కరెంటు లెక్కలతో పాటు రిఫ్రిజరెంట్ పేరు, దాని బరువు కూడా కనిపిస్తాయి. ఆర్-22 అని ఉంటే అది సెలవు తీసుకుంటున్న తరం గ్యాసు. ఆర్-410ఏ మధ్యలో వచ్చినది. ఆర్-32 ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా అమ్ముడుపోతున్నది. జనగామలోనైనా మానుకోటలోనైనా ఏసీ కొనేవాళ్లు స్టార్లు ఎన్నని అడుగుతారు, ఈఎంఐ ఎంతని అడుగుతారు. గ్యాస్ ఏదని అడిగేవాళ్లు అరుదు. ఇకనుంచి ఆ ప్రశ్న కూడా అడగాలి.

జనగామ, మానుకోట అని మనం పిలుచుకునే మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న, దసరా నాడు పుట్టాయి. అదే వారం, అక్టోబరు 15న, రువాండా రాజధాని కిగాలీలో ప్రపంచ దేశాలు ఏసీ గ్యాసుల మీద ఒక ఒప్పందానికి వచ్చాయి. ఇక్కడ మనం కొత్త కలెక్టరేట్ల ముందు బోర్డులు కడుతున్నప్పుడే మన పడకగదుల్లో తిరిగే గ్యాసు భవిష్యత్తు అక్కడ ఖరారైంది. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. అంతకు చాలా ముందు, 1987లో, ఓజోన్ పొరను కాపాడేందుకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారత్ 1992లో అందులో చేరింది.

ఈ రెండు ఒప్పందాలూ చూసేది వేర్వేరు కీడులను: మాంట్రియల్ ఓజోన్ నష్టాన్ని, కిగాలీ భూమి వేడెక్కడాన్ని. ఆర్-22లో క్లోరిన్ ఉంది. పైకి పోయి ఓజోన్‌ను తింటుంది, పైగా భూమినీ వేడెక్కిస్తుంది. దాని బదులు తెచ్చిన ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోదు కానీ వేడెక్కించడంలో ఆర్-22ను మించింది. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే కిలోకు కిలో ఆర్-22 ప్రభావం సుమారు 1,810 రెట్లు, ఆర్-410ఏది 2,088 రెట్లు, ఆర్-32ది 675 రెట్లు. ఒక కిలో ఆర్-22 గాలిలో కలిసిందంటే 750 లీటర్లకు పైగా పెట్రోలు కాల్చినంత. టన్నున్నర ఏసీలో ఉండే గ్యాసు అటూఇటుగా అంతే.

కొత్త ఏసీల తయారీలో ఆర్-22 జాతి గ్యాసుల వాడకం మన దేశంలో 2024 డిసెంబరు 31తో ముగిసింది. 2030 నాటికి ఆ గ్యాసుల ఉత్పత్తి, వాడకం దాదాపుగా ఆగిపోవాలి. పాత మిషన్ల రిపేర్ల కోసం కొద్దిపాటి కోటా మాత్రం 2040 దాకా ఉంటుంది. ఆ తర్వాతి వంతు ఆర్-410ఏ, ఆర్-32ల కుటుంబానిది: 2028లో వాడకానికి పరిమితి పడుతుంది, 2032 నుంచి మెట్టుమెట్టుగా తగ్గించి 2047కల్లా 85 శాతం తీసేయాలి. ఈ పద్ధతి పనిచేస్తుందా అన్న సందేహానికి ఆకాశమే జవాబు చెబుతోంది. అంటార్కిటికా, ఆర్కిటిక్‌లు తప్ప మిగతా ప్రపంచం మీద ఓజోన్ పొర 2040 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని ఐక్యరాజ్యసమితి నిపుణులు అంచనా కట్టారు. మనుషులంతా ఒక మాట మీద నిలబడి ప్రకృతికి చేసిన గాయాన్ని మాన్పుతున్న అరుదైన సందర్భం ఇది. దీన్ని నేను గర్వంగా చూస్తాను.

ఫ్యాక్టరీల సంగతి చట్టం చూసుకుంటుంది. ఇళ్లలో ఇప్పటికే బిగించి ఉన్న ఏసీల సంగతి ఎవరు చూడాలి? ఒక ఏసీ పదేళ్లు, పన్నెండేళ్లు నడుస్తుంది. మన ఊళ్లలో నడుస్తున్న ఆర్-22 ఏసీల్లోని గ్యాసు ఎక్కడికి పోతుందో తేల్చేది కిగాలీ కాదు. బైకు మీద సిలిండరు కట్టుకుని వచ్చే మెకానిక్, అతనికి ఫోన్ చేసే మనం.

మార్చి వచ్చిందంటే ప్రతి వీధిలో ఒకటే మాట: "అన్నా, ఏసీ చల్లగొడ్తలేదు, గ్యాస్ కొట్టాలె." ఏటా గ్యాసు అయిపోతుందని, బండికి పెట్రోలులా నింపించుకోవాలని చాలామంది నమ్మకం. అది తప్పు. ఏసీలో గ్యాసు మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, వాడినందుకు తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. నట్టు వదులైందో, కాయిల్‌కు చిల్లు పడిందో, వెల్డింగ్ దగ్గర పగిలిందో. ఆ చోటు వెతక్కుండా నింపిన గ్యాసు మళ్లీ గాలిలోకే పోతుంది, వచ్చే మార్చిలో మళ్లీ అదే ఫోను. ఎంత డబ్బు పోసినా మనం గదిని చల్లబరిచింది తక్కువ, ఆకాశాన్ని వేడెక్కించింది ఎక్కువ.

ఇల్లు మారేటప్పుడు జరిగేది ఇంకా బాధ కలిగిస్తుంది. ఏసీ విప్పాలంటే నట్టు తిప్పి సుయ్‌మని గ్యాసంతా వదిలేస్తారు. ఏసీ నడుస్తుండగానే ఒక వాల్వు మూసి, గ్యాసును ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి, రెండో వాల్వు కూడా బిగిస్తే ఎక్కడి గ్యాసు అక్కడే ఉంటుంది. దీన్నే పంప్ డౌన్ అంటారు. కొద్ది నిమిషాల పని. తెలిసిన మెకానిక్‌లు చేస్తూనే ఉన్నారు. మిగతావాళ్లు చేయకపోతే అడగనందుకు తప్పు మనదే. కంప్రెసర్ పోయిన ఏసీకైతే గ్యాసును సిలిండరులోకి లాగే రికవరీ మిషను కావాలి. అది కొనే స్తోమత చిన్న పట్టణాల్లో సొంతంగా పనిచేసుకునే కుర్రాళ్లకు ఎక్కడిది? తీసిన గ్యాసు తీసుకునే చోటు దగ్గర్లో లేకపోతే కొని మాత్రం ఏం లాభం?

వాళ్ల ప్రాణాల సంగతీ మాట్లాడాలి. ఆర్-22 అంటుకోదు. ఆ ధీమాతోనే పైపులో గ్యాసు మిగిలి ఉండగానే వెల్డింగ్ మంట పెట్టే అలవాటు వచ్చింది. ఆర్-32 కొంతవరకు మండుతుంది. ఆర్-290 అనే ఇంకో గ్యాసైతే ప్రొపేనే, వంటగ్యాసులో ఉండేది. గోద్రెజ్ 2012లోనే ప్రొపేన్ ఏసీని మన దేశంలో అమ్మింది. వేడెక్కించే గుణం దాదాపు లేనిదే కాబట్టి అది రావడం మంచిదే, కానీ పని తెలిసిన చేతుల్లోకి రావాలి. ఆర్-410ఏ ఒత్తిడి ఆర్-22 కన్నా దాదాపు 60 శాతం ఎక్కువ, కంప్రెసర్ ఆయిలూ వేరు. అందుకే పాత ఏసీలో కొత్త గ్యాసు కొట్టించకూడదు. ఆర్-22 సరుకు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ధర పెరిగినచోట కల్తీ సిలిండర్లు వస్తాయి, మండే గ్యాసు కలిపినవి కూడా. అవి పేలితే పోయేది మెకానిక్ చేతులే.

భూపాలపల్లికి ఈ విషయంలో ఇంకో బాధ్యత, ఇంకో బాధ కూడా ఉన్నాయి. అక్కడ సింగరేణి బొగ్గు తీస్తుంది, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం కరెంటు తయారు చేస్తుంది. గ్యాసు తగ్గిన ఏసీ గది చల్లబడక కంప్రెసర్‌ను ఆపకుండా తిప్పుతుంది. అంటే లీకు ఒక్కటే, నష్టం రెండు చోట్ల: గాలిలో గ్యాసు, పొయ్యిలో బొగ్గు. మేలో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఓపెన్‌కాస్ట్ గనిలో షిఫ్టు చేసి వచ్చిన మనిషిని ఏసీ కొనొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. 2019లో కేంద్రం కూలింగ్ యాక్షన్ ప్లాన్ రాసే నాటికి దేశంలో ఏసీ ఉన్న ఇళ్లు 8 శాతమే. మిగతావాళ్లకూ చల్లదనం అందాలి.

పాత గ్యాసులన్నీ చెడ్డవనీ కాదు. మానుకోట రైతు మిర్చి బస్తాలు దాచుకునే కోల్డ్ స్టోరేజీల వంటివి మన దేశంలో ఎక్కువగా అమోనియాతోనే నడుస్తాయి. అది ఓజోన్‌ను తినదు, భూమిని వేడెక్కించదు. విషవాయువు కావడం వల్ల పడకగదికి పనికిరాదు, అంతే.

ఆ 2019 ప్లాన్‌లోనే లక్ష మంది మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇవ్వాలని రాసుకున్నారు. ఆ శిక్షణ హైదరాబాద్ హోటల్ హాల్లో ఒక్కరోజు పెడితే తొర్రూరు నుంచో మహదేవపూర్ నుంచో ఎవరొస్తారు? పాత వరంగల్ జిల్లా ఐటీఐల్లో పెట్టాలి. జూలై నుంచి జనవరి దాకా, పని పలచగా ఉండే రోజుల్లో పెట్టాలి. వచ్చినవాళ్లకు ఆ రోజుల కూలి కట్టివ్వాలి. రికవరీ మిషన్లు ఒక్కొక్కరు కొనుక్కోలేరు కాబట్టి జిల్లాకు కొన్ని చొప్పున ఐటీఐల దగ్గరే ఉంచి అద్దెకివ్వాలి. లాగిన గ్యాసును తూచి తీసుకుని కిలోకింత అని డబ్బు చేతిలో పెట్టాలి. కిలోకు డబ్బు వస్తుందంటే ఏ మెకానిక్కూ నట్టు తిప్పి గాలికి వదలడు.