ఎవరి పుస్తకం వాళ్లదే!

కొత్తవలసలో ఓ పొదుపు సంఘం ఉందనుకోండి. పదిమంది సభ్యులు. లెక్కల పుస్తకం మాత్రం ఒక్కటే, అదీ లీడరు ఇంటి బీరువాలో. అందులో ఓ అంకె మారితే మిగతా తొమ్మిదిమందీ చేయగలిగిందేముంది? అదే పదిమందీ తలో పుస్తకం పెట్టుకుని, ప్రతి పద్దూ ఎవరికి వారు సరిచూసి రాసుకుంటే..? ఒకచోట తేడా వస్తే తొమ్మిది పుస్తకాలు పట్టిచ్చేస్తాయి.

బిట్‌కాయిన్ నడిచేది అచ్చంగా ఇలాగే. దానికి బ్యాంకు లేదు, హెడ్డాఫీసు లేదు. 2009 జనవరి 3 నుంచీ జరిగిన ప్రతి లావాదేవీ 'బ్లాక్‌చెయిన్' అనే పుస్తకంలో ఉంటుంది. సుమారు పది నిమిషాలకో కొత్త పేజీ చేరుతుంది. మొదటి పేజీ నుంచీ ప్రతి పద్దునూ సొంతంగా సరిచూసుకునే కంప్యూటరే 'ఫుల్ నోడ్'.

పేజీలు రాసేవాళ్లు వేరు. వాళ్లు మైనర్లు. 2024 ఏప్రిల్ నుంచి వాళ్లకు పేజీకి 3.125 బిట్‌కాయిన్ల బహుమానం దక్కుతోంది. నోడ్ నడిపేవాళ్లకు పైసా రాదు. అయినా కాపలా వాళ్లదే! సంతకం అసలుదేనా? ఒకే నాణేన్ని ఇద్దరికిచ్చారా? బహుమానం లెక్క మించిందా? ఏ ఒక్కటి తేడా వచ్చినా నోడ్ ఆ పేజీని తిప్పికొడుతుంది. తోటి నోడ్‌లకూ పంపదు.

మరి కాపలాదారుకే చూపు మందగిస్తే? 2010 ఆగస్టు 15న అదే జరిగింది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించకూడదన్నది నియమం. సాఫ్ట్‌వేర్‌లో లోపాన్ని వాడుకుని ఎవరో ఒక్క పద్దులోనే 18,400 కోట్లకు పైగా పుట్టించారు! కొన్ని గంటల్లోనే లోపాన్ని సరిదిద్దారు. నోడ్‌లు నడిపేవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారిపోయారు. దొంగ పద్దున్న పేజీ చెల్లకుండా పోయింది.

ఇంట్లో నోడ్ పెట్టుకోవాలంటే మామూలు కంప్యూటరూ, ఇంటర్నెట్టూ చాలు. పుస్తకం ఇప్పటికే 600 గిగాబైట్లు దాటింది కాబట్టి పెద్ద డిస్కు కావాలి. అంత చోటు లేనివాళ్లు అన్నీ సరిచూశాక పాత పేజీలు తీసేసి, ఇటీవలివి మాత్రం ఉంచుకోవచ్చు.

చాలామంది ఆ శ్రమ లేకుండా ఫోన్‌లో ఎక్స్ఛేంజీ యాప్‌నే నమ్ముకుంటారు. అందులో కనిపించే అంకె ఆ కంపెనీ సొంత పుస్తకంలోది. 2014లో జపాన్‌లోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజీ సుమారు ఎనిమిదిన్నర లక్షల నాణేలు పోయాయంటూ చేతులెత్తేసింది. తర్వాత దొరికినవి 2 లక్షలే. నోడ్‌లు కాపలా కాసిన పుస్తకంలో ఏ తప్పూ లేదు. ఖాతాదారులు నమ్మిన పుస్తకం వేరు!

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. నోడ్ ధర పడిపోకుండా ఆపలేదు. 'డబ్బు రెట్టింపు చేస్తాం' అనేవాళ్ల నుంచీ కాపాడలేదు. పద్దు నిజమా, కాదా అన్నది మాత్రం ఎవరినీ అడగనక్కర్లేకుండా తేల్చి చెబుతుంది. పొదుపు సంఘంలో తన పుస్తకం తాను చూసుకునే సభ్యురాలికి ఉండేదీ ఆ ధీమాయే.