తేనెపట్టుకు శాంతి కాదు, పెట్టె కావాలి

సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటి గోడ తొర్రలోనో, వాడని వెంటిలేటరులోనో తేనెపట్టు పడితే రెండు తీర్పులు వినిపిస్తాయి. లక్ష్మి వచ్చిందని ఒకటి, అరిష్టమని మరొకటి. ఏ ఇంటికి ఏ తీర్పు దక్కుతుందో గమనించండి. ఆ ఏడు మిరపకు ధర పలికి, పిల్లకు సంబంధం కుదిరితే ఆ పట్టు లక్ష్మి. పెద్దాయన మంచాన పడితే అదే పట్టు అరిష్టం. జరిగినదాన్ని బట్టి అర్థం మార్చుకునే శకునం ముందుగా ఏమీ చెప్పనట్టే లెక్క.

ఈ భయం చాలా పాతది. ఇంట్లో తేనెటీగలు తేనె పెడితే గృహస్థు ఉపవాసం ఉండి, పెరుగూ తేనే నెయ్యీ పూసిన 108 మేడి సమిధలు వేల్చాలని శాంఖాయన గృహ్యసూత్రం విధించింది. తేనె పట్టడమే కీడైతే, ఆ కీడు పోగొట్టే హోమంలోకి తేనె ఎలా వచ్చింది? అడవిలో పట్టిన తేనె పవిత్రం, మన ఇంట్లో పట్టిన తేనె అపశకునం. ఈగా అదే, తేనే అదే. మారింది చోటు. ఈగలు ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాయని ఆ సూత్రకారుడు అడగలేదు. ఆనాడు తెలుసుకునే దారి లేదనుకుందాం. ఈనాడు ఉంది.

పూత దండిగా ఉన్న రోజుల్లో పట్టు కిక్కిరిసిపోతుంది. కూలి ఈగలు కొత్త రాణుల కోసం వేరే గదులు కడతాయి. పాత రాణి దాదాపు సగం ఈగలను వెంటబెట్టుకుని బయటికొచ్చి ఏ వేపకొమ్మకో గుత్తిగా వేలాడుతుంది. అది విడిది మాత్రమే, కొన్ని గంటలో ఒకట్రెండు రోజులో. ఆలోగా కొన్ని వందల ఈగలు ఊరంతా గాలించి, చూసొచ్చిన చోటు ఎటువైపు, ఎంత దూరమో గుత్తి మీద నాట్యం చేసి చెబుతాయి. ఆ నాట్యభాషను విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ 1949లో మ్యూనిక్‌లో ఒక గుత్తి మీద నాట్యమాడే ఈగలను చూశాడు. కొన్నిటి ఒంటి మీద మసి, కొన్నిటి మీద ఇటుక పొడి. పూల మీంచి వచ్చే ఈగకు పుప్పొడి అంటాలి. ఇవి పొగగొట్టాలూ, యుద్ధంలో కూలిన గోడలూ వెతికి వస్తున్నాయని ఆయనకు తట్టింది. తర్వాత అమెరికాలో థామస్ సీలీ రకరకాల పెట్టెలు పెట్టి, ఈగలు వేటిని చూసుకుంటాయో తేల్చాడు: లోపలి చోటు సరిపోతుందా, ద్వారం చిన్నదా, నేల నుంచి ఎత్తులో ఉందా.

కాబట్టి 'మా ఇంటికే ఎందుకు వచ్చింది?' అన్న ప్రశ్నకు జవాబు మీ జాతకంలో లేదు. మీ గోడలో చీకటి తొర్ర ఉంది, దానికి చిన్న కంత ఉంది, దగ్గర్లో నీళ్ళూ పూలూ ఉన్నాయి.

అయితే పట్టులన్నీ ఒకటి కావు. నీళ్ళట్యాంకుకో, మర్రికొమ్మకో బారెడు పట్టు పెట్టేది కొండ తేనెటీగ. దాన్ని పెట్టెలో పెంచడం కుదరదు, దగ్గరికి వెళ్ళడమూ ప్రమాదమే. కంచెపొదల్లో అరచేతంత పట్టు పెట్టే చిన్న ఈగా పెట్టెకు లొంగదు. తొర్రల్లో, పుట్టల్లో వరసగా పెరలు కట్టే పుట్ట తేనెటీగే పెరటి మనిషికి పనికొచ్చేది. దాని కొలతకు తగ్గ పెట్టెను 1910 ప్రాంతంలో తమిళనాట ఫాదర్ న్యూటన్ తయారుచేశాడు. నేటికీ అది న్యూటన్ పెట్టే. తొర్రలోని పెరను మెల్లగా కోసి, పిల్లలున్న ముక్కలను అరటినారతో చట్రాలకు కట్టి, రాణిని జాగ్రత్తగా లోపలికి చేరిస్తే మిగతా ఈగలు వెంట వస్తాయి. పెట్టె కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు.

వేలాడే గుత్తిని మంత్రం చదివి వట్టి చేత్తో గంపలోకి దించే మనిషికి జనం దణ్ణం పెడతారు. బయల్దేరే ముందు ఈగలు కడుపునిండా తేనె తాగి వస్తాయి. కాపాడుకోవడానికి అక్కడ పిల్లలు లేవు, నిలవ తేనె లేదు. అందుకే ఆ స్థితిలో అవి సాధారణంగా కుట్టవు. మంత్రం రానివాడు నెమ్మదిగా చెయ్యి పెట్టినా అంతే. అదే మంత్రాన్ని కొండ తేనెటీగల పట్టు దగ్గర చదివి చూపమని మాత్రం ఎవరినీ అడగొద్దు, ప్రాణాలు పోతాయి. కుట్టాక మంత్రం వేస్తే విషం దిగిందంటారు. ఎక్కువమందికి నొప్పి కొన్ని గంటల్లో దానంతట అదే తగ్గుతుంది, పేరు మంత్రానికి వస్తుంది. కానీ కొద్దిమందికి ఒక్క కాటుకే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడదు. వాళ్ళకు నిమిషాల్లో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. ఆ నిమిషాలు మంత్రగాడి అరుగు మీద గడిస్తే మనిషి దక్కడు.

అమావాస్య నాటికి ఈగలు తేనె తాగేస్తాయన్న మాటా ఉంది. దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. కొండ తేనెటీగ వెన్నెల రాత్రుల్లో కూడా మేతకు వెళ్తుందని శాస్త్రజ్ఞులు చూశారు. పాతకాలపు వేటగాళ్ళ మాటకు అలాంటి చూపు ఏదో ఆధారమై ఉండొచ్చు. పుట్ట తేనెటీగ సంగతి తేల్చుకోవాలంటే పెట్టెను కాటాకు తగిలించి రోజూ తూచడమే. మా పెరట్లో తూచాం. ముసురు పట్టిన రోజుల్లో, పూత వెనకపట్టిన వారాల్లో బరువు తగ్గింది. చంద్రుడితో దానికి పొత్తు కనిపించలేదు. దయ్యాల కొంప అన్న ఇంట్లోనే కాపురం పెట్టి చూపిన నాస్తికవాది గోరా వృక్షశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు. నమ్మకాన్ని వాదనతో సరిపెట్టక చేసి చూడాలన్న ఆయన పద్ధతికి పెరటి తేనెపెట్టె చక్కగా సరిపోతుంది.

ఈగలు పెట్టె వదిలి లేచిపోతే నింద ఇంట్లో ఆడవాళ్ళ మీద పడడం నన్ను ఎక్కువ బాధిస్తుంది. ముట్టుతో ఉన్న మనిషి దగ్గరికెళ్ళింది, అందుకే పోయాయంటారు. ఆ పెట్టెలో పూలు వెతికేదీ, పెర కట్టేదీ, పిల్లలను సాకేదీ, కాపలా కాసేదీ అన్నీ ఆడ ఈగలే. అవి లేచిపోవడానికి చీమలు, మైనపు పురుగు, మేత కరువు, రెంటచింతల వైపు నుంచి వీచే వడగాడ్పు చాలు. 1990ల మొదట్లో కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పెట్టెలకు పెట్టెలు ఖాళీ అయ్యాయి. కారణం పిల్ల ఈగలను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. ఏ ఆడమనిషి నీడా కాదు.

మన నేలలో మరో కారణం కళ్ళెదుటే ఉంది. పత్తికీ మిరపకూ కొట్టే మందులు. 2021లో కొత్త రకం తామరపురుగు మిరప మీద పడ్డప్పుడు రైతు దొరికిన మందల్లా కొట్టాడు, అతని అవస్థ అలాంటిది. పూత మీద పగటిపూట కొట్టిన ఇమిడాక్లోప్రిడ్ పురుగునూ తేనెటీగనూ వేరుచేసి చూడదు. ఐరోపా సమాఖ్య 2018లో ఆ మందును ఆరుబయట పొలాల్లో నిషేధించింది. ఇక్కడ పాదుల్లో పిందె నిలవకపోతే దిష్టి అంటున్నాం. గుమ్మడి, దోస, బీర పాదుల్లో మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేర్చడానికి ఈగ రావాలి. దిష్టికని గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ కూడా ఈగ వాలితేనే కాస్తుంది.

ఇంటికి పట్టు పడితే దివిటీ వెలిగించకండి, శాంతికి డబ్బు పోయకండి. పిల్లలను దూరంగా ఉంచి, పెట్టె ఉన్నవాళ్ళను పిలవండి. కొండ తేనెటీగైతే అనుభవమున్నవాళ్ళకే వదిలేయండి. పొలంలో మందు తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక, పొద్దుగూకాక కొట్టండి. ముందురోజే పక్కనున్న పెట్టెలవాళ్ళకు కబురు చెయ్యండి.