ఇంటి ముచ్చట్లు: ఇంకా ఇల్లు చేరని మనుమరాలు



పురిటికి ఎదురు చూసినట్లే మా ఇంట్లో ఒక పిల్ల కోసం ఎదురు చూస్తున్నాం. పురుడైతే తొమ్మిది నెలలు నిండగానే తేలిపోతుంది. దీనికి నెలల లెక్క లేదు.

మా అన్నయ్య కూతురూ అల్లుడూ అమెరికా పౌరులు. అన్నయ్య ఉద్యోగరీత్యా హైదరాబాదులో స్థిరపడ్డాడు గనుక అమ్మాయి అక్కడే పెరిగింది. నేను మాత్రం ఈ బ్రహ్మపురంలోనే ఉండిపోయాను. దత్తతకు దరఖాస్తు పెట్టుకుని వాళ్లకు మూడేళ్లు దాటింది. మొన్న వేసవిలో కబురు వచ్చింది. ఒడిశాలోనే ఒక శిశుగృహంలో నాలుగేళ్ల ఆడపిల్ల ఉందిట. ఫోటో, పిల్ల వివరాలు, వైద్య పరీక్ష కాగితాలు పంపారు. ముప్పై రోజుల్లో అంగీకారం తెలపాలి. వాళ్లు డాక్టరుకు చూపించి, మూడో రోజునే సరే అన్నారు.

“ఇక వెళ్లి తెచ్చుకోవడమేగా?” అంది మా వదిన. అంత సులువు కాదు మరి. పిల్లల్ని విదేశాలకు పంపడంలో అక్రమాలు జరుగుతున్నాయని ఒక న్యాయవాది లేఖ రాస్తే, 1984లో సుప్రీంకోర్టు కట్టుదిట్టాలు చేసింది. ఆ తరువాత 1993 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం 2003లో చేరింది. అందుచేత ముందు అమెరికా ప్రభుత్వం వాళ్ల ఇల్లూ వాకిలీ, రాబడీ, నడవడీ విచారించి ఒప్పుకోవాలి. ఇక్కడ ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ అభ్యంతరం లేదని పత్రమివ్వాలి. పిమ్మట జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2022 సెప్టెంబరుకు ముందు ఆ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. ఆపైన పాస్‌పోర్టు, వీసా. ఈలోగా అమెరికాలో ఇచ్చిన వేలిముద్రలకు పదిహేను నెలల గడువు తీరిపోతే మళ్లీ వెళ్లి ఇచ్చి వచ్చారు. విసుగు పుట్టించే మాట నిజమే. కాని బిడ్డ చేతులు మారేచోట ఎంత మంది చూస్తే అంత మంచిదని నాకు అనిపిస్తుంది.

ఈ మధ్య ఫోనులో నేనొక పొరపాటు మాట అన్నాను. “ఎంత అదృష్టం చేసుకుందే ఆ పిల్ల!” అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత మెల్లిగా, “అదృష్టం మాది అత్తా. అది ఒకసారి కన్నతల్లికి దూరమైంది. ఇప్పుడు మేమొస్తే, పెంచిన ఆయాకు దూరమవుతుంది. మేము తెచ్చే బొమ్మలు చూసి నవ్వుతుందని ఎందుకనుకోవాలి?” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేమంతా గౌనులూ గాజులూ కొంటున్నామే గాని, ఆ పిల్ల ఏడుస్తుందని ఒక్కరమూ తలచలేదు.

మరునాటి నుంచి నాకు చేతనైన పని మొదలుపెట్టాను. ఆ పిల్లకు వచ్చింది ఒడియా ఒక్కటే. అమ్మాయికీ అల్లుడికీ అది రాదు. మనకా, ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా తాతల నాటినుంచీ అలవాటే. రోజూ రాత్రి ఫోనులో అరగంట పాఠం చెబుతున్నాను. పాణి అంటే మంచినీళ్లు, భోక అంటే ఆకలి, నిద అంటే నిద్ర, డర అంటే భయం. అల్లుడు ‘భోక’ను ‘బోకా’ అంటే, అది తెలివితక్కువవాడనడం బాబూ అని దిద్దాను. ముగ్గురమూ పడి పడి నవ్వాం.

శిశుగృహం వారి అనుమతితో చిన్న ఫోటోల పుస్తకం కూడా పంపారు. అమ్మ, నాన్న, ఇల్లు, పడుకునే గది, బ్రహ్మపురం మామ్మ. ఒక్కొక్క బొమ్మ కింద ఒడియాలో నేనే రాసిచ్చాను. ఆయా రోజూ అది చూపిస్తోందిట. పిల్లను తీసుకునే నాడు, తను కప్పుకునే పాత దుప్పటి ఉతక్కుండా ఇమ్మని కూడా అడిగారు. ఆ వాసన కొన్నాళ్లు తోడుంటుందని అమ్మాయి ఆలోచన.

పేరు మార్చాలని మా వదిన పట్టుబట్టింది. నాలుగేళ్లు పలికిన పేరు దాని సొంత సొత్తు గదా, మన ఇష్టమైన పేరు వెనక తగిలిద్దాం అన్నాను. నాలుగు రోజులు ముభావంగా ఉండి ఒప్పుకుంది.

మీ బంధువుల్లో ఎవరికైనా ఇలాంటి ఎదురుచూపు ఉంటే, “ఇంకా రాలేదా?” అని పూటపూటా అడగకండి. “ఎవరి బిడ్డో, ఏ కులమో” అనే ఆరాలు తీయకండి. కన్నతల్లి ప్రస్తావన వస్తే చులకనగా మాట్లాడకండి. దత్తత సంగతి దాచమనే సలహా అసలే ఇవ్వకండి. పసితనం నుంచీ కథలా చెబుతూ వస్తే, పెద్దయ్యాక పరాయివాళ్ల నోట విని బెంబేలెత్తే అవస్థ తప్పుతుంది.

కలెక్టరుగారి ఉత్తర్వు కోసం చూస్తున్నాం. పిల్ల వచ్చిన నాడు హారతి పళ్లెంతో గుమ్మం నిండా జనం వద్దని చెప్పేశాను. నేనొక్కదాన్నే నిలబడి, దాని భాషలోనే “ఆ, మా, ఆ” అని పిలుస్తాను. రా తల్లీ, రా అని.