పులి ముంగట ఏసే కూర ఎక్కడికెళ్లి వస్తున్నది?

నాగ్‌పూర్ కాడ గోరేవాడల 2024 డిసెంబర్‌ల మూడు పులులు, ఒక చిరుత సచ్చిపోయినయి. చంద్రపూర్ దిక్కు ఊర్లకాడ మనుషులకు, పులులకు పంచాయితీ అయితున్నదని పట్కొచ్చి ఆ పులులను గీడ పెట్టిన్రు. పానం కాపాడదామనే తెచ్చిన్రు. భోపాల్ ల్యాబుల పరీక్ష చేస్తే బర్డ్ ఫ్లూ అని తేలింది. తిన్న కోడికూర నుంచే అంటుకున్నదని అనుమానం. అడివిల పులి తనకు కావల్సింది తనే ఏటాడుకుంటది. బోన్ల గా ముచ్చట లేదు, మనం ఏది ఏస్తే అదే తినాలె.

ఇదేం కొత్తగ వచ్చిన రోగం గాదు. 2004ల థాయిలాండ్‌ల శ్రీరాచా టైగర్ జూల పచ్చి కోళ్లు ఏస్తే 140కి పైన పులులు పోయినయి. కొన్ని రోగంతోని సచ్చినయి, మిగిలినయాటికి అంటొద్దని కొన్నిటిని వాళ్లే సంపిన్రు. ఇరవై ఏండ్లయినంక, 2024ల, వియత్నాంల 47 పులులు, మూడు సింహాలు పోయినయి. 2025 మే నెలల గోరఖ్‌పూర్ జూల ఒక ఆడపులి పోయింది. యూపీల జూలకు తాళాలేసిన్రు. కారణం తెల్వక సచ్చినయంటే ఒక లెక్క. ఇరవై ఏండ్ల సంది కారణం తెల్సి గూడ కోడిని అట్లనే ఏస్తున్నమంటే ఏమనాలె?

అసలు జూల పులి తినేది ఎక్కువ పెద్దకూరనే. పెద్ద పులికి రోజుకు ఎనిమిది, పది కిలోల దాంక ఏస్తరు. వారంల ఒక రోజు పస్తు పెడ్తరు, అడివిల గూడ అది రోజూ తినదు గదా. పిల్లలకు, ముసలియాటికి, నోరు బాగలేనప్పుడు కోడికూర ఏస్తరు. మేకకూర మస్తు పిరం, కోడి సస్త. ఏ గల్లీల జూసినా దొరుకుతది. పైసలు తక్కువ పడ్డా, పెద్దకూర బండి ఆగినా, సార్లకు ముందుగాల యాదికొచ్చేది కోడే.

పెద్దకూర బండి ఎందుకు ఆగుతదంటరా? 2017ల యూపీల సర్కారు మారంగనే కబేళాల మీద పడ్డరు. కాన్పూర్ జూల, ఇటావా సఫారీల పులులకు, సింహాలకు రోజూ తినే బర్రెకూర దొరకక కోడి, మేక ఏసిన్రు. 2020ల గువాహటి జూ కాడ పెద్దకూర ఏయొద్దని కొందరు బండ్లను అడ్డుకున్నరు. జూల సాంబార్ దుప్పులు మస్తున్నయి, అవ్వి ఏయరాదా అని గూడ సలహా ఇచ్చిన్రు. జూల ఒక జంతువును ఇంకో జంతువుకు ఏసుడు చట్టం ఒప్పుకోదని ఆఫీసర్లు చెప్పాల్సి వచ్చింది. మనుషుల వంటింట్లకు తొంగి సూసుడు అయిపోయింది, ఇగ పులి బోన్లకు గూడ వచ్చిన్రన్నట్టు. పెద్దకూర మీద కొట్లాట పెట్టినోడు పులిని కోడి దిక్కు నూకుతున్నడు. కోడికి రోగమొస్తే ఆ బాకీ పులి కడ్తది.

మనకేం గాదులే అనుకోవద్దు. 1963ల తెరిచిన మన నెహ్రూ జూ పార్కుల 2021ల ఎనిమిది సింహాలకు కరోనా వచ్చింది. సీసీఎంబీ పరీక్ష చేసి తేల్చింది. దేవుని దయతోని బతికినయి. అప్పుడు మనుషుల నుంచే అంటి ఉంటదన్నరు. 2025 మొదట్ల గోదావరి జిల్లాలల్ల కోళ్లు కుప్పలుగ సచ్చినయి, మన దిక్కు గూడ ఫారాలల్ల రోగం కనవడ్డది. మనం ఓ నెల చికెన్ బంద్ పెట్టినం. జూల పులికి గా ఎంపిక లేదు.

జూలకు కూర టెండర్ల మీద వస్తది. తక్కువ రేటు రాసినోనికే కాంట్రాక్టు. కోసే ముందు బర్రెను పశువుల డాక్టరు సూసిండా, కోసినంక సూసిండా, బండి కడిగిన్రా అని అడిగే రాత టెండర్ల గట్టిగ ఉండాలె. రాష్ట్రంల ఏ మూలకు బర్డ్ ఫ్లూ వచ్చినా ఆ రోజే జూల పచ్చి కోడి ఆగాలె. పది కిలోమీటర్ల అవతల గదా అని కూసుంటే నడ్వది, కూర బండి పది కిలోమీటర్ల కాడ ఆగదు.

ఇంకో ముచ్చట. పులి రోగాన్ని దాచుకుంటది. నిన్న పది కిలోలు తిన్నది ఇయ్యాల రెండు కిలోలు ఇడిచిపెట్టిందని మొదట కనిపెట్టేది డాక్టరు గాదు, బోను కడిగే మనిషి. అసొంటి మనుషులల్ల ఎందరో దినకూలీలు, ఔట్‌సోర్సింగోళ్లు. ఆర్నెల్లకో మనిషిని మారిస్తే ఏ పులి ఎంత తింటదో ఎవలికి ఎరుక?

బోను ముంగట బోర్డు మీద పులి పేరు, అది ఏ దేశాలల్ల బతుకుతదో రాస్తరు. ఈ వారం ఏం కూర ఏసిన్రు, దాన్ని ఏ రోజు పరీక్ష చేసిన్రు అని ఇంకో లైను రాయనీకి సున్నం, కుంచె తప్ప వేరే ఖర్చేం లేదు.