లంఖణము పరమౌషధమా?

“లంఖణము పరమౌషధము” అను మాట మన యిండ్లలో తరతరములనుండి వినబడుచున్నది. జ్వరము వచ్చిన లంఖణము. అజీర్తి చేసిన లంఖణము. పసిబిడ్డకు విరేచనములు పట్టుకొన్నను లంఖణమే. మొదటి రెంటిని గూర్చి మేమిప్పుడు వాదమునకు దిగము. విందులో మితిమీరి భుజించిన పెద్దమనిషి మఱునాడొక పూట మానుకొనిన నతనికి నష్టము లేదు. వంటయింటివారికిని కొంత విశ్రాంతి. మూడవదానిని గూర్చి మాత్రము మేము మౌనము వహింపజాలము. నీళ్ల విరేచనములగుచున్న బిడ్డకు అన్నపానములు మాన్పుట ఔషధము కాదు, ప్రాణాపాయము. ఇట్లనుటకు మాకు గల యాధారము ఏ మహాగ్రంథమునందో దాగియుండలేదు. మన పిల్లలు ఏటేట వల్లించు జీర్ణక్రియా పాఠమునందే యున్నది.

గడచిన వానకాలములో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా తరగతిలో నొక బాలుడు కలడు. జీర్ణమండలపు పటమును పుస్తకము చూడకుండ గీయగలడు. అవయవముల పేర్లలో నొక్క యక్షరము తప్పడు. పరీక్షలో నా ప్రశ్నకు వానికి నిండు మార్కులు వచ్చినవి. ఆ వారములోనే వాని చెల్లెలికి, రెండేండ్ల పిల్లకు, విరేచనములు పట్టుకొన్నవి. నీళ్లిచ్చిన మరింత పారునని ఇంటి పెద్దలు ఆ దినమంతయు చుక్క నీరైనను ఇయ్యలేదు. మఱునాటికి పిల్ల కన్నులు లోతునకు పోయినవి. ఏడ్చినను కన్నీరు రాలేదు. అప్పు డాసుపత్రికి ఎత్తుకొని పరుగిడిరి. ఎట్లో బ్రదికినది. బాలుడు మఱల బడికి వచ్చినపుడు, “నీవు చదివిన పాఠము ఇంటిలో నేల చెప్పలేదురా?” అని యడిగితిమి. వాడు తెల్లబోయి, “అది పరీక్షకు గదండీ” అనెను. వానిని కోపపడుటకు మాకు నోరు రాలేదు. అట్లు నేర్పినది మేమే గదా!

కావున ఆ పాఠమునే యిచట పరీక్షకొఱకు గాక మఱియొక మారు చెప్పుకొందము.

నేయి కలిపిన పప్పన్నపు ముద్ద యొకటి తీసికొందము. అన్నములో పిండిపదార్థము, పప్పులో మాంసకృత్తులు, నేతిలో క్రొవ్వు ముఖ్యముగా నున్నవి. ఈ మూడును పెద్ద పెద్ద అణువులు. ఉన్నవి యున్నట్లుగా ప్రేగు గోడను దాటి రక్తమున చేరజాలవు. పెద్ద మంచమును చిన్న వాకిటిలోనుండి లోనికి తేవలెనన్న కోళ్లు, పట్టెలు విడదీయక తప్పదు. జీర్ణమనగా నిట్టి విడదీతయే. ఈ పని చేయు పనివాండ్రకు శాస్త్రజ్ఞులు ఎంజైములని పేరుపెట్టినారు. ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క తీరు కట్టును మాత్రమే విప్పగలదు. పిండిని విప్పునది మాంసకృత్తుల జోలికి పోదు.

పని నోటియందే మొదలగును. పండ్లు నలుగగొట్టును, ఉమ్మినీటిలోని అమైలేసు పిండిని చక్కెరగా మార్చుట కుపక్రమించును. దీనికి ప్రయోగశాల యక్కరలేదు. కూర గాని పులుసు గాని కలపని యన్నపు ముద్దను మ్రింగక కొంతసేపు నమలి చూడుడు. నాలుకకు తియ్యదనము తోచును. మధ్యాహ్నపు గంట మ్రోగిన పది నిమిషములలో భోజనము ముగించి బంతి యాటకు పరుగిడు మా విద్యార్థులకు ఈ తియ్యదన మెన్నడును తెలియదని మా యనుమానము.

తరువాతిది జీర్ణాశయము. దానిలో నేమి జరుగునో చిరకాలము తెలియలేదు. తిరుగలివలె నూరునని కొందఱు, కుండవలె నుడికించునని కొందఱు, క్రుళ్లజేయునని మఱికొందఱు తలచిరి. 1822వ సంవత్సరము జూన్ 6వ తేదీన అమెరికాలోని మాకినాక్ దీవియందు తుపాకి పొరపాటున ప్రేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకుని ప్రక్కను చీల్చినది. సైనిక వైద్యుడగు విలియం బోమాంట్ అతని ప్రాణమును కాపాడెను గాని, గాయము పూర్తిగా పూడక జీర్ణాశయములోనికి రంధ్రమై నిలిచిపోయెను. 1825 మొదలుకొని బోమాంట్ మాంసపు ముక్కలను, రొట్టె ముక్కలను పట్టుదారమునకు కట్టి యా రంధ్రమునుండి లోనికి దింపి, కొంతకొంతసేపటికి పైకి తీసి పరిశీలించెను. అంతతో నాగక జఠరరసమును సీసాలోనికి తీసి, శరీరమున కున్నంత వెచ్చదనమున నుంచి, అందు మాంసము వేసెను. దేహమునకు బయటనే మాంసము కరగెను. జీర్ణము రసములచే జరుగు రసాయనక్రియయని దీనివలన తేటపడినది. 1833లో నతడు వెలువరించిన గ్రంథమును నేటికిని వైద్యులు గౌరవింతురు. వైద్యుని యోర్పును మెచ్చువారు పెక్కండ్రు కలరు. కూలికి పనిచేయు నా బీదవాడు తన దేహమునే యేండ్లతరబడి కిటికీగా తెఱచి యుంచినాడు. అతని యోర్పును తలచువారరుదు. ఆ ఘనతలో సగపాలు అతనిదని మేము తలంతుము.

ఆ రసములో హైడ్రోక్లోరిక్ ఆమ్లమును, పెప్సిన్ అను ఎంజైమును కలవు. ఇవి మాంసకృత్తులను తెగగొట్ట నారంభించును. ఆహారముతో వచ్చిన సూక్ష్మజీవులను పెక్కింటిని ఆమ్లము చంపును. అయినను జీర్ణాశయమునకు లోకమున గల కీర్తి దాని యర్హతకు మించినదే. “కడుపులో నరిగినది” అందుము గాని, విడదీతలో పెద్దపాలును, విడదీసిన దానిని దేహములోనికి తీసికొను పని యించుమించు అంతయు చిన్నప్రేగు చేయుచున్నది. ఇచటనే కొంత నిలిచి చూడవలెను.

చిన్నప్రేగు పొడవు సుమారు 6 మీటర్లు, అనగా నిరువది యడుగులు. కాలేయమునుండి వచ్చు పైత్యరసము నేతిని సన్నని బిందువులుగా చెదరగొట్టును. క్లోమరసము ముందుగా జఠరామ్లపు తీక్ష్ణతను విఱిచి, పిమ్మట పిండిని, మాంసకృత్తులను, క్రొవ్వును మూడింటిని విడదీయును. ప్రేగు గోడలోని ఎంజైములు మిగిలిన పని ముగించును. మన ముద్ద యిప్పుడు ముద్ద కాదు: అన్నము గ్లూకోసైనది, పప్పు అమైనో ఆమ్లములైనది, నేయి క్రొవ్వు ఆమ్లములు మొదలగునవై విడిపోయినది. ప్రేగు లోపలి గోడ మఖమలు గుడ్డవలె నుండును. ఆ నూగునకు చూషకములని పేరు. ముడుతలను, చూషకములను, వానిమీది మఱింత సన్నని నూగును విప్పి పఱచినచో సుమారు 30 చదరపు మీటర్ల నేలను కప్పును. ఈ గోడమీది కణములు నాలుగైదు దినములకే రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. ప్రేగులో నున్న యాహారమే యా క్రొత్త కణములకు పోషణ. బిడ్డకు తిండి మాన్పువారు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను.

ఈ గోడ చెడినచో నెంత తిన్నను ఫలము లేదు. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి యన్నదమ్ములిరువురు స్ప్రూ అను సంగ్రహణి రోగముచే మరణించిరి. అదియు చిన్నప్రేగు గోడను క్షీణింపజేయు రోగమే. ఆయన అమెరికాకు పోయి, 1945లో తమ పరిశోధకబృందముతో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయగలిగిరి. ఆ రోగముచే కలుగు రక్తహీనతకు అది మందయినది.

ఇక నీటి సంగతి. మా వాదమునకు ప్రాణమిదియే. పెద్దవారి ప్రేగులోనికి దినమునకు సుమారు 9 లీటర్ల ద్రవము చేరును. అందు మనము తినుట త్రాగుటవలన చేరునది 2 లీటర్లు మాత్రమే. తక్కిన 7 లీటర్లును ఉమ్మినీరు, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, ప్రేగు రసము. అనగా విడదీయు పనికొఱకు దేహము తన నీటినే ప్రేగునకు బదులిచ్చి, పని ముగియగానే తిరిగి వసూలు చేసికొనుచున్నది. ఆ వసూలు ఎంత ఖచ్చితమనగా, మలముతో బయటికి పోవు నీరు పావు లీటరునకు లోపుగనే యుండును.

విరేచనములనగా నీ వసూలు తప్పిపోవుట, లేక బదులు హద్దు మీఱుట. కలరా విషము ప్రేగు కణములను పట్టి ఉప్పును, నీటిని ధారగా వెడలగొట్టించును. ఇప్పుడు నాయనమ్మగారి మాటను పరీక్షింపుడు. “నీళ్లిచ్చిన మరింత పారును” అని గదా ఆమె భయము! పాఱుచున్నది బిడ్డ త్రాగిన నీరు కాదు, బిడ్డ రక్తమునుండి వచ్చిన నీరు. త్రాగుట మాన్పినంతమాత్రమున అది యాగదు. చెఱువునకు గండి పడినదని కాలువ నీటిని కట్టివేసిన చెఱువు త్వరగా నెండునే గాని గండి పూడదు.

“ఇచ్చిన నీరు ఆ రోగపు ప్రేగు పీల్చుకొనవలదా?” అని యెవరైన నడుగవచ్చును. తగిన ప్రశ్నయే. ఉత్త నీరైన సరిగా పీల్చుకొనదు. కాని ప్రేగు గోడలో నొక చిత్రమైన వాకిలి యున్నది. అది జంటగా వచ్చినవారికే తెఱచుకొనును: ఉప్పులోని సోడియమును, గ్లూకోసును కలసి వచ్చిన లోనికి పోనిచ్చును, వాని వెంట నీరును పోవును. 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు ప్రాగ్ నగరమున దీనిని ప్రతిపాదించెను. కలరా విషము తక్కినవానిని పాడుచేసినను ఈ వాకిలిని మూయలేదు.

దీని విలువ 1971లో లోకమునకు తెలిసినది. బంగ్లాదేశ్ యుద్ధకాలమున బన్‌గావ్‌లోని శరణార్థుల శిబిరమున కలరా చెలరేగినది. నరములకెక్కించు ద్రవము చాలలేదు. దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు గ్లూకోసు, ఉప్పు, సోడా కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదిమంది వఱకు చనిపోవుచుండగా, ఆ చికిత్సతో మరణములు నూటికి నలుగురికి లోపునకు దిగినవి. ఇట్టి నీటిని హేమేంద్రనాథ ఛటర్జీ 1953లోనే ప్రయోగించి ప్రకటించియుండెను గాని లోకము చెవినిడలేదు. మహలనబిస్‌గారు 2022లో దివంగతులైరి. పద్మవిభూషణము మఱుసటి యేడు ప్రకటింపబడినది. ఆయన పేరు మన పాఠ్యపుస్తకములలో నింకను పెద్ద యక్షరములతో నుండవలసినదని మా యభిప్రాయము.

మేము పూర్వుల మాటను పరిహసించుటకు వ్రాయుటలేదు. పథ్యమునకు జావ, గంజి విధించు నాచారము మన వైద్యమునందే కలదు. ఉప్పు వేసిన గంజి యనగా నేమి? పిండియు, ఉప్పును, నీరును. ఆ పిండి ప్రేగులో గ్లూకోసుగా విడిపోయి, పైన చెప్పిన వాకిలినే తెఱచును. పెద్దలు గంజిని మఱచి లంఖణమును మాత్రము పట్టుకొనుటయే మన దురదృష్టము.

చేయవలసినది యిది. ఆరోగ్యకేంద్రమున నిచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరికిన నదియే మేలు. పొట్లముమీద వ్రాసినంత నీటిలోనే కలుపవలెను. దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన టీచెంచాలతో ఆఱు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. అంతకు మించి ఉప్పు వేయరాదు. అది హెచ్చిన హాని. రుచి కన్నీటికంటె ఉప్పగా నుండగూడదు. చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. వాంతి యైనచో పది నిమిషములాగి మఱల పట్టవలెను. ఒక దినము దాటిన నీటిని పాఱబోసి క్రొత్తది కలుపవలెను. చంటిపిల్లలకు తల్లిపాలు ఒక్క పూటయు మాన్పరాదు. అన్నము తిను పిల్లలకు మెత్తని యన్నము, గంజి, అరటిపండు పెట్టుచుండవలెను. వైద్యులు జింకు మాత్రలను గూడ రెండు వారములవఱకు ఇత్తురు. మలములో రక్తము కనబడినను, బిడ్డ మత్తుగా పడియున్నను, త్రాగలేకపోయినను, కన్నులు గుంటలు పడినను ఇంటిలో తడయక ఆసుపత్రికి పోవలెను.

పిల్లల మాట నాయనమ్మలు విందురా యని మా యుపాధ్యాయులలో నొకరు సందేహించిరి. మాటను వినకపోవచ్చును; చేతిని చూతురు. వచ్చు యేడు వానలు పడకముందే, ఆఱవ తరగతి మొదలుకొని ప్రతి విద్యార్థియు తరగతిలో ఈ నీటిని స్వయముగా కొలిచి కలిపి, రుచి చూచి, ఆ సాయంకాలమే యింటిలో పెద్దలయెదుట మఱల కలిపి చూపవలెనని మా ప్రతిపాదన. దీనికి మార్కులుండరాదు. చెంచాలు, లీటరు పాత్ర మా గదిలో సిద్ధముగా నున్నవి. చక్కెరను, ఉప్పును ఆ బాలుడే తెచ్చెదనన్నాడు.