మనోవ్యాధికి చికిత్స ఉన్నది. ఉద్యోగానికి రక్షణ కావాలి

కాలు విరిగిన ఉద్యోగిని పలకరించడానికి తోటివారందరూ ఆసుపత్రికి వెళతారు. మనసు క్రుంగిన ఉద్యోగి సంగతి ఎవరికీ తెలియదు; అతడు తెలియనివ్వడు. ఈ గోప్యానికి సిగ్గు ఒక్కటే కారణం కాదని రన్నింగ్ రూములలోను, సార్టింగ్ ఆఫీసులలోను తిరిగిన మాకు తెలుసు. వ్యాధి పేరు కాగితం మీదికి ఎక్కితే బండి నుండి దింపివేస్తారని, మైలేజి భత్యం పోతుందని లోకో పైలట్ భయం. నగదు అప్పగించరేమోనని తపాలా గుమాస్తా భయం.

ఆందోళన, దిగులు వ్యాధులు వయసును బట్టి రూపం మార్చుకుంటాయి. బడి పిల్లలలో అవి పరీక్షల నాటి కడుపునొప్పి. బాలింతలలో ఎడతెగని ఏడుపు. నడివయసు ఉద్యోగిలో చిరాకు, తాగుడు, కారణం చెప్పని సెలవులు. పదవీ విరమణ చేసినవారిలో ఒంటినొప్పులు, మతిమరుపు. దిగులుగాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడంగాని రెండు వారాలకు మించి ఉంటే వైద్యునికి చూపించాలి. థైరాయిడ్ లోపం కూడా ఇటువంటి లక్షణాలనే కలిగించవచ్చు కనుక రక్తపరీక్ష అవసరం కావచ్చు. చావు మాట ఎత్తిన సహచరుణ్ణి ఒంటరిగా వదలరాదు.

ఈ వ్యాధులకు మాటల ద్వారా చేసే చికిత్స ఉన్నది, మందులూ ఉన్నవి. దిగులుకు వాడే మందులు గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త తెరిపి ఇవ్వగానే సొంతంగా మానివేయరాదు. కొన్ని మందులు మగత కలిగిస్తాయి కనుక బండి నడిపేవారు తమ విధి ఏమిటో వైద్యునికి తప్పక చెప్పాలి.

ప్రయాణికుల భద్రత మాటేమిటని అధికారులు అడగవచ్చు. భద్రత మాకూ ముఖ్యమే. అందుకే అంటున్నాము: చికిత్స పొందుతున్నవానికంటే, భయపడి వ్యాధిని దాచుకుని ఇంజను ఎక్కినవాని వల్లనే ప్రమాదం ఎక్కువ. శిక్ష ఉన్నచోట ఎవడూ నిజం చెప్పడు.

చట్టం మన పక్షాన ఉన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ రోగులను శారీరక రోగులతో సమానంగా చూడాలని, వారి వివరాలు గోప్యంగా ఉంచాలని శాసించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతను వైకల్యాల జాబితాలో చేర్చింది. సర్వీసులో వైకల్యం ఏర్పడిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, పాత పనికి తగకపోతే అదే వేతనంతో వేరొక పోస్టు ఇవ్వాలని దాని 20వ సెక్షన్ చెబుతున్నది.

కనుక చికిత్సాకాలంలో వేతన నష్టం లేని ప్రత్యామ్నాయ విధి ఇవ్వాలని, కోలుకున్నవారిని తిరిగి స్వస్థానానికి తీసుకోవాలని, విశ్రాంతి లేని వరుస రాత్రి డ్యూటీలు ఆపాలని మేము కోరుతున్నాము. ప్రతి శాఖా కార్యాలయంలోను 2022లో ప్రారంభమైన టెలీ మానస్ ఉచిత నంబరు 14416ను గోడమీద వ్రాయించండి. సహచరుడు ఆసుపత్రికి వెళ్ళడానికి జంకితే శాఖా కార్యదర్శి వెంట వెళ్ళాలి. ఛార్జిషీటు అందుకున్నవాని పక్షాన నిలబడే సంఘం, నిద్రపట్టనివాని పక్షాన కూడా నిలబడవలసి ఉన్నది.